ఒకరి జవాబు ఇంకొకరికి

"మళ్ళీ అడుగుతున్నాను వదినా. సోమవారం నుంచి అమ్మకి రోజూ ఎన్ని మాత్రలిచ్చావు?"

"రెండు."

"ఆసుపత్రి వాళ్ళు ఎన్ని ఇవ్వమన్నారు?"

"రెండే ఇవ్వమన్నారు."

ఆడపడుచు ఫోను వంటగది బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాదకి, నిజానికి విసిరింది. తెర మీద ఆసుపత్రి వాళ్ళ పేజీ తెరిచి ఉంది. పైన అత్తగారి పేరు, కింద లావుపాటి అక్షరాల్లో "రోజుకి సగం మాత్ర".

"చదువు. గట్టిగా చదువు, అందరూ వింటారు."

పెద్దకోడలు ఫోను వైపు చూడలేదు. పొద్దున అత్తగారు పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ దగ్గర మొదలైన రక్తం ఎంతకీ ఆగక, ఆవిడ స్నానాలగదిలో కూలబడిపోతే పరుగెత్తి పట్టుకున్నది ఈవిడే. బట్టల మీద ఆ మరక ఇంకా అలాగే ఉంది. వెళ్ళి మార్చుకోమని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"నేను చూసినప్పుడు రెండనే ఉంది," అంది మెల్లగా.

"ఓహో. నువ్వు చూస్తే రెండు, మేం చూస్తే సగం. ఫోను మనిషిని బట్టి మాట మారుస్తుందన్నమాట!"

గుమ్మంలో నిలబడ్డ చిన్నకొడుకు "అక్కా, ఇప్పుడివన్నీ ఎందుకే" అనబోయాడు. అక్క చూపు తగలగానే సగంలో మింగేశాడు. ఆ ఇంటి మగవాళ్ళు మాట మింగడంలో ఆరితేరిన వాళ్ళు. చిన్నవాడు మింగి ఊరుకుంటాడు, పెద్దవాడు మింగినట్టు కూడా కనబడడు.

అత్తగారి గుండెలో కవాటం మార్చినప్పటి నుంచీ రక్తం పల్చబడే మాత్రలు వేసుకోవాలి. తగ్గితే రక్తం గడ్డకడుతుంది, హెచ్చితే ఎక్కడపడితే అక్కడ కారుతుంది. అందుకని వారం వారం రక్తపరీక్ష చేసి, డాక్టరు మోతాదు సరిచేసి ఆసుపత్రి వెబ్‌సైటులో పెడతాడు. సోమవారం పొద్దున్నే పెద్దకోడలు అది తెరిచి చూసి, వారానికి సరిపడా మాత్రలు అరల డబ్బాలో సర్దేస్తుంది. "నా రక్తం పల్చబడ్డానికి మాత్రలెందుకర్రా, మీ ఇద్దరు కోడళ్ళు చాలరూ!" అని అత్తగారు నవ్వేది. ఇవాళ గురువారం. ఆవిడిప్పుడు ఆసుపత్రిలో, ఇంటెన్సివ్ కేరు తలుపుల వెనక ఉంది. లోపల ఎక్కడెక్కడ రక్తం కారుతోందో డాక్టర్లకే ఇంకా తెలియదు.

"ఇన్నేళ్ళు సరిగ్గా ఇచ్చిన చెయ్యి ఇప్పుడెందుకు తప్పింది, అదే నా ప్రశ్న," అంది ఆడపడుచు. "పోయిన వారం అమ్మకీ నీకూ మాటా మాటా వచ్చిందటగా."

ఆ మాట వంటగదిలో అలా ఉండిపోయింది. ఎవరూ దాన్ని తీసెయ్యలేదు. చిన్నకొడుకు కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు.

పెద్దకోడలు తలెత్తింది. ఇల్లంతటికీ వండి, వడ్డించి, ముసలావిడకి తల దువ్వి, గోళ్ళు తీసి, చివరికి ఈ మాట పడాలా అని ఆ ముఖం అడిగింది. అడిగినట్టు చదువుకోగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. చిన్నకోడలు సింకు దగ్గర నిలబడి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

చిన్నకోడలి ఉద్యోగం వెబ్‌సైట్లలో కన్నాలు వెతికే ప్రోగ్రాములు రాయడం. దొంగ రాకముందే తను దొంగలా వెళ్ళి, ఏ తలుపు గట్టిగా లేదో చూసి చెప్పాలి. అత్తగారు ఆవిడకి పరీక్షలమ్మ అని పేరు పెట్టింది. ఆడపడుచు ఎత్తిపొడుపుగా అన్న మాట, ఫోను మనిషిని బట్టి మాట మారుస్తుందన్న మాట, ఆవిడ చెవిలో పడి అక్కడే నిలబడిపోయింది. లోకంలో అలా మాట మార్చే జబ్బు ఒకటుంది. దాన్ని పట్టుకోవడానికే ఆవిడ జీతం తీసుకునేది.

చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది.

"అక్కా, సోమవారం పేజీ తెరిచినప్పుడు పైన ఎవరి పేరుందో చూశారా?"

"పేరా? పేరెందుకు చూస్తానమ్మా! నా ఫోను, నా పాస్‌వర్డు. మనింటి తాళం మనమే తీసి లోపలికెళ్ళి, ఇది మనిల్లేనా అని చూసుకుంటామా?"

"ఇంకేమైనా తేడాగా అనిపించిందా? మామూలుగా ఉండనిది?"

పెద్దకోడలు ఆలోచించింది. "షుగరు మాత్ర కూడా రాశారు. భోజనానికి ముందు ఒకటి అని. అత్తయ్యకి షుగరు లేదు కదా, ఈసారి రక్తంలో కొత్తగా కనబడిందేమో అనుకున్నా. మందుల షాపులో అడిగితే చీటీ లేకుండా ఇవ్వనన్నాడు. రేపు రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడుగుదామని ఊరుకున్నా."

చిన్నకోడలు ఫోను అందుకుని పేజీ పైకీ కిందికీ జరిపింది. షుగరు మాత్ర ఊసే లేదు.

"ఇప్పుడు షుగరు కూడా వచ్చిందా కథలోకి?" అంది ఆడపడుచు. "నువ్వు వకాల్తా పుచ్చుకోకు, నీకు తెలీదు."

"నాకు తెలిసిన విషయం ఇదొక్కటే వదినా," అంది చిన్నకోడలు. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "బండి తాళాలివ్వండి."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. బావగారితో మాట్లాడాలి."

"అన్నయ్య అసలే..."

"తెలుసు. ఇవ్వండి."

వీధి గుమ్మం దాకా పెద్దకోడలు వెనకే వచ్చింది. చెప్పులేసుకుంటున్న చిన్నకోడలి భుజం పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"చిన్నీ, నాకేం పిచ్చి పట్టలేదు కదా? నేను నిజంగా రెండే చూశాను కదా? పొద్దుట్నించి వీళ్ళంతా అంటుంటే నాకే అనుమానంగా ఉంది."

"మీరు చూసింది నిజమే అక్కా. రెండే చూశారు."

అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. దోషం మోయడం ఒక ఎత్తు, కళ్ళారా చూసింది చూడలేదనిపించడం ఇంకో ఎత్తు. చిన్నకోడలు ఆ చెయ్యి భుజం మీంచి తీసి రెండు చేతులతో నొక్కి, మెట్లు దిగింది.

*

ఆసుపత్రిలో కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కు బావగారే. నేలమాళిగలో ఆయన గది. ఎండాకాలంలో కూడా కుర్చీకి ఉన్ని కోటు వేలాడుతూ ఉంటుంది, యంత్రాలకి చల్లదనం కావాలి కనక. పక్కగదిలో సర్వర్లు ఒకటే హోరు పెడుతుంటాయి. మెత్తని మనిషి. గట్టిగా మాట్లాడాల్సి వస్తే బాత్‌రూముకి వెళ్ళొచ్చే రకం. ఇవాళ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లి పైనుంది, భార్య ఇంట్లో బోనులో ఉంది, ఆయన ఇక్కడ తలుపేసుకుని కూర్చున్నాడు.

"డాక్టరు ఏమన్నారు బావగారూ?"

"ఏమంటారమ్మా, చూస్తున్నాం అంటారు. సాయంత్రం మాట్లాడతానన్నారు. ఇంట్లో ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది? అక్కని నిలబెట్టి అడుగుతున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు.

"అక్క తప్పు చెయ్యలేదు," అంది చిన్నకోడలు. "ఆవిడ ఫోనులో వచ్చింది ఇంకొకళ్ళ పేజీ. షుగరున్న వాళ్ళెవరిదో. మీ సైటు ఒకరి జవాబు ఇంకొకరికి ఇచ్చింది."

"ఛ! అదెలా కుదురుతుంది? పాస్‌వర్డు..."

"పాస్‌వర్డు దగ్గర కాదు. ముందు సర్వరుకీ వెనక సర్వరుకీ మధ్య."

ఆయనకి వివరించనక్కర్లేదు. అయినా చిన్నకోడలు వివరించింది, తనకి తను చెప్పుకుంటున్నట్టు. ముందు సర్వరంటే గుమ్మం దగ్గర గుమాస్తా, ఎవరి పేజీ కావాలో అడుగుతూ వచ్చే అందరి కవర్లూ వరసగా తీసుకుని ఒకే గొట్టంలో లోపలికి పంపుతాడు. లోపలి గుమాస్తా ఒక్కొక్కటీ చదివి, అదే వరసలో జవాబులు బయటికి పంపుతాడు. పేర్లు చూసి పంచడం లేదు, వరసని నమ్ముకుని పంచడమే. ఒక కవరు ఎక్కడ అయిపోయిందన్న దాంట్లో ఇద్దరికీ లెక్క తేడా వస్తే? ఎవరైనా కావాలని, ముందువాడికి ఒకటిగానూ వెనకవాడికి రెండుగానూ కనబడే కవరు పంపితే? లోపలివాడు రెండు జవాబులిస్తాడు. ఆ ఎక్కువ జవాబు వరసలో తర్వాతి మనిషి చేతిలో పడుతుంది. ఆ మనిషిది ఆ పక్కవాడికి, వాడిది ఆ పై వాడికి. వరస వరసంతా ఒక మనిషి పక్కకి జరిగిపోతుంది. రిక్వెస్ట్ స్మగ్లింగ్ అంటారు దీన్ని. పేరు దొంగసరుకుది, పని అంతకన్నా చెడ్డది.

"నువ్వే కదమ్మా పరీక్ష చేశావు!" అన్నాడు బావగారు. "పోయిన చలికాలం. లోపాలేవీ లేవని నువ్వే సంతకం పెట్టావు."

అది నిజం. ఆవిడ రాసిన ప్రోగ్రాముకి ఆఫీసులో జాగిలం అని పేరు. ఏ సైటు మీదికి వదిలినా ఈ లెక్క తేడా ఉందో లేదో మనిషి అవసరం లేకుండా తనే చూసుకొస్తుంది.

"మీరు నాకిచ్చింది అసలు సైటు కాదుగా బావగారూ, దాని నకలు. ఆ నకలుకి వెనక సర్వరొక్కటే ఉంది. ముందుది ఎక్కడని అడిగితే, అది వేరే కంపెనీ వాళ్ళు చూస్తారు, దాని గురించి బెంగ లేదన్నారు. ఒక్కడే ఉన్నచోట ఇద్దరి మధ్య తగువు ఎక్కణ్ణించి కనబడుతుంది? నేను అప్పుడే ఆగాల్సింది. మన బావగారే కదా అని సంతకం పెట్టేశాను."

"పోనీ ఇప్పుడు మళ్ళీ చూడు. కానీ ఏమీ ఉండదు. నీ జాగిలం వారం వారం చూస్తూనే ఉంది."

చిన్నకోడలు తలెత్తింది.

"ఏమిటీ?"

"నీ ప్రోగ్రామేనమ్మా. చాలా బాగుంది. వదిలెయ్యడమెందుకని ఎండలు మొదలైనప్పట్నించి నేనే నడిపిస్తున్నా. పైవాళ్ళకి వారం వారం రక్షణ నివేదిక ఇవ్వాలిగా, లోపం లేదని అది పెట్టే పచ్చగుర్తు చూపిస్తే సంతోషపడుతున్నారు. ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు." ఆయన ముఖంలో పొద్దుట్నించి లేని వెలుగు కాస్త కనబడింది. తమ్ముడి భార్య పనితనాన్ని పదిమందిలో నిలబెట్టానన్న తృప్తి అది.

"దేని మీద నడిపిస్తున్నారు?"

"సైటు మీదే."

"ఏ సైటు?"

ఆవిడ అడగకుండానే ఆయన్ని పక్కకి జరిపి, కంప్యూటరు ముందు కూర్చుంది.

జాగిలానికి రెండు పద్ధతులు నేర్పిందావిడ. ఒకటి వాసన చూడటం. అరకొర కవరు ఒకటి పంపి, అవతలివాడు మిగతాది వస్తుందని కూర్చుండిపోతాడా అని చూడటం. ఆ ఎదురుచూపే లోపం ఉన్నట్టు గుర్తు, జాగ్రత్తగా చేస్తే ఎవరికీ హాని లేదు. రెండోది కరిచి చూడటం. నిజంగానే ఒక కవరులో రెండు పెట్టి పంపి, వెంటనే తనే ఇంకో మామూలు కవరు పంపి, ఆ ఎక్కువ జవాబు తన చేతిలోనే పడుతుందా అని చూడటం. ఇది మనుషులు లేని నకళ్ళ మీద మాత్రమే చెయ్యాలి. నకలు కదా, ఎవరూ లేరు కదా అని చలికాలంలో ఆవిడ ఈ రెండోది పెట్టింది. బావగారు తర్వాత చేసిన మార్పల్లా ఒక్కటే. నకలు అడ్రసు తీసేసి అసలు సైటు అడ్రసు పెట్టాడు.

"ఎప్పుడెప్పుడు నడుస్తుంది?" ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది.

"సోమవారం పొద్దున. వారం మొదట్లోనే అయిపోతే నివేదికకి..."

"సోమవారం పొద్దున రక్తపరీక్షల జవాబులు చూసుకోడానికి జనమంతా వరసలో ఉంటారు బావగారూ!"

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమవుతుంటే ముఖం ఎలా పాలిపోతుందో ఆవిడ చూడలేక తెర వైపు తిరిగింది.

జాగిలం కరిచింది. కరిచిన ప్రతిసారీ ఎక్కువ జవాబు పుట్టింది. కానీ జాగిలం తన రెండో కవరు పంపేలోపలే వరసలోకి ఇంకెవరో వచ్చేవారు. ఆ జవాబు వాళ్ళకి పోయేది, వాళ్ళది వెనకవాళ్ళకి. ఈ సోమవారం ఆ వరసలో పెద్దకోడలు ఉంది. తన చేతికి ఏమీ రాలేదు కనక జాగిలం పచ్చగుర్తు పెట్టి పడుకునేది. లోపాన్ని పట్టుకోవాల్సినదే లోపాన్ని తవ్వి తలుపు తెరిచింది, తెరిచి ఏమీ లేదని చెప్పింది. కంచే చేను మేసిందంటే ఇదే.

ఇంకొకటి కూడా ఉంది, అది ఆవిడ బయటికి అనలేదు. బయటివాళ్ళకి ఇచ్చేటప్పుడు జాగిలాన్ని ఒక్క అడ్రసుకే కట్టేసి తాళం వేస్తుంది. ఎవరు మార్చబోయినా నడవదు. బావగారికి ఇచ్చినప్పుడు మాత్రం వెయ్యలేదు. పెద్దవాడు, ప్రతి చిన్నదానికీ మరదల్ని అడగాల్సి రావడం బాగుండదని, మర్యాదకి, విప్పి ఇచ్చింది.

ఆవిడ జాగిలాన్ని ఆపేసింది. ఆ తర్వాత, మెత్తని పద్ధతి పెట్టి, ఆయన్ని అడిగి, అసలు సైటుని ఒక్కసారి వాసన చూసింది. అరకొర కవరు పోయింది. ఇద్దరూ తెర చూస్తూ కూర్చున్నారు. జవాబు రాలేదు. మామూలుగా కన్నుమూసి తెరిచేలోపల వచ్చే జవాబు. వెనక సర్వరు మిగతా సగం కోసం కాచుకుని కూర్చుంది. ఆ ఎదురుచూపు సాగినకొద్దీ బావగారి తల కిందికి దిగిపోయింది.

"సరే," అన్నాడు చివరికి. "ఇవాళే సరిచేయిస్తాను. ముందు సర్వరు వాళ్ళకి ఇప్పుడే ఫోను చేస్తా. ఈ రాత్రికి కన్నం ఉండదు."

"కన్నం పూడ్చితే సరిపోదు బావగారూ. ఈ సోమవారం తప్పు మోతాదు చూసినవాళ్ళు ఇంకా అవే మాత్రలు వేసుకుంటున్నారు. అక్క డబ్బాలో సర్దినట్టే వాళ్ళూ సర్దుకుని ఉంటారు. రెండు మాత్రల మనిషి పేజీ అక్కకి వచ్చింది, అత్తయ్య సగం మాత్ర పేజీ ఇంకెవరికో వెళ్ళింది. రెండు వేసుకోవాల్సిన వాళ్ళు సగం వేసుకుంటూ ఉంటే? డాక్టరుగారికి చెప్పాలి. అందరికీ ఫోన్లు చేయించాలి."

"చెబితే ఏమవుతుందో ఆలోచించావా? నా ఉద్యోగం సంగతి సరే. కింద సంతకం నీది. ప్రోగ్రాము నీది."

"ఆలోచించాను."

నిజానికి ఆలోచించలేదు. అన్నాక ఆలోచించింది, భయం వేసింది, చాలా వేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

"అమ్మ కోలుకుంటుంది," అన్నాడాయన, బతిమాలుతున్నట్టు. "మిగతావాళ్ళు వారం వారం పరీక్షకి వస్తూనే ఉంటారు, అక్కడే తేడా తెలిసిపోతుంది. ఇంటి సంగతి ఇంట్లో ఉండనీ అమ్మా."

"ఇంట్లో ఉంటే అక్క హంతకురాలవుతుంది. వదిన ఆ మాట ఒక్కటే అనలేదు, మిగతావన్నీ అనేసింది."

బావగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. లేచి కుర్చీకున్న కోటు సర్దాడు. ఆ మెత్తని మనిషి ముఖంలో ఆవిడ ఎన్నడూ చూడనిదేదో గట్టిపడింది.

"మీ అక్క సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

*

సాయంత్రం ఇంటెన్సివ్ కేరు బయట బెంచీ మీద ఇంటివాళ్ళు కూర్చున్నారు. ఆడపడుచు ఒక చివర, చిన్నకొడుకు మధ్యలో. గోడ గడియారం కింద ఎవరివో తెలియని పిల్లలు నేల మీద కూర్చుని గొడవ పడుతున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి యంత్రాల కీచుమోత బయటికి వచ్చి, తలుపుతో పాటు ఆగిపోతోంది.

చిన్నకోడలు డాక్టరు కోసం చూస్తోంది. ముందు తనే మాట్లాడాలి, ఎవరు అడ్డొచ్చినా మాట్లాడాలి. మనసులో మాటలు వరసగా పేర్చుకుంది.

"అన్నయ్యేడి?" అంది ఆడపడుచు.

"వదినతో మాట్లాడుతున్నాడు. మెట్ల దగ్గర," అన్నాడు చిన్నకొడుకు.

"చాలాసేపట్నించా?"

"ఊఁ."

చిన్నకోడలు లేచి మెట్ల వైపు రెండడుగులు వేసిందో లేదో, వాళ్ళిద్దరూ ఎదురొచ్చారు. ముందు ఆయన. వెనక పెద్దకోడలు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని. మరక లేదు. కళ్ళల్లో తడి కూడా లేదు. పొద్దున గుమ్మం దగ్గర ఏడ్చిన మనిషి కాదు ఆవిడ.

"అక్కా, నేను చెప్పేది..."

"నాకు తెలుసు చిన్నీ. ఆయనంతా చెప్పారు."

ఆ మాట పూర్తవకముందే తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికి వచ్చాడు. నడివయసు మనిషి, నిద్ర లేని కళ్ళు, చేతికి తొడుగులు తీసిన తెల్లటి పొడి ఇంకా అంటుకుని ఉంది.

"ఇప్పటికి రక్తం ఆగింది," అన్నాడు. ఆడపడుచు రెండు చేతులూ జోడించింది. "గండం గడిచిందని మాత్రం అనను. రేపటిదాకా చూడాలి. నాకొక విషయం తేలాలి. నేను రాసింది సగం మాత్ర. ఈవిడ ఒంట్లో ఉన్న మందు చూస్తే దానికి నాలుగు రెట్లు పడింది. ఇంట్లో మందులు చూసేదెవరు?"

చిన్నకోడలు గొంతు సవరించుకుంది.

"నేనండీ," అంది పెద్దకోడలు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నేనే పొరపాటు పడ్డాను. ఫోనులో సగమనే ఉంది. నేనే సరిగ్గా చూసుకోలేదు."

ఆడపడుచు ఊపిరి బయటికి వదిలింది. గెలిచిన ఊపిరి కాదది. తను అన్నది నిజమైతే ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసినట్టు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నకొడుకు అన్న ముఖం చూశాడు. అన్న నేల చూస్తున్నాడు.

"పొరపాటా? లేకపోతే పేజీలో ఏమైనా వేరేగా కనబడిందా?" అన్నాడు డాక్టరు. "భయపడకండి. జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"లేదండీ. నాదే పొరపాటు."

డాక్టరు భుజాలు వదులు చేసుకున్నాడు.

"సరే. మనుషులం, జరుగుతాయి. నిజం చెప్పాలంటే నాకు ఒక విధంగా నయమే అయింది. ఈ వారం ఇలాంటివే ఇంకో రెండు కేసులొచ్చాయి. ఒకాయనకి ఇలాగే రక్తం కారింది. ఇంకొకావిడకి మందు చాలక మెదడులో గడ్డ కట్టింది, కుడివైపు పడిపోయింది, మాట పోయింది. రెండిళ్ళ వాళ్ళూ ఫోనులో అలాగే ఉందంటున్నారు. మీరు కూడా అదే మాట అంటే, ఇక అనుమానం లేదు, ఆ సైటు ఆపించి పొద్దుపోయేలోపల పేషెంట్లందరికీ ఫోన్లు చేయిద్దామనుకున్నాను. మీది ఇంటి పొరపాటే అంటున్నారు కనక, అవీ అలాంటివే అయ్యుంటాయి."

తిరిగి తలుపు మీద చెయ్యి వేశాడు.

మాట పోయినావిడ. చిన్నకోడలికి ఆ ఒక్క మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. ఎవరో, ఎక్కడో, ఏ అరల డబ్బాలోనో సగం మాత్ర సర్దుకుని, వేళ తప్పకుండా వేసుకుని పడిపోయిన మనిషి. అత్తగారి జవాబే ఆవిడ చేతిలో పడిందో, మరొకరిదో. ఇవాళ రాత్రి కూడా ఆ డబ్బాలు తెరుచుకుంటాయి.

కదలబోయింది. మణికట్టు దగ్గర ఎవరో పట్టుకున్నారు. పెద్దకోడలు. గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"వద్దు చిన్నీ," అంది పెదవులు కదపకుండా. "నా కాపురం."

చిన్నకోడలు ఆవిడ ముఖంలోకి చూసింది. తను చూసింది నిజమేనా అని పొద్దున అడిగిన ముఖం. ఇప్పుడు చూడలేదని ఒప్పుకుని వచ్చిన ముఖం. ఆ పక్కనే బావగారు తలెత్తాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, వేడుకోలు ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. ఆ పట్టుకున్న చేతిని అలాగే తనతో లాక్కుంటూ, పెద్దకోడలు కాళ్ళీడుస్తున్నా ఆగకుండా, మూసుకుంటున్న తలుపు దాకా వెళ్ళి రెండో చెయ్యి దాని సందులో పెట్టింది.

"డాక్టరుగారూ," అంది. "అక్క అబద్ధం చెప్పింది. ఎందుకు చెప్పిందో నేను చెబుతాను."

వెనక బెంచీ దగ్గర ఎవరో కూలబడిన పెద్ద చప్పుడయింది. "అన్నయ్యా!" అని ఆడపడుచు అరిచింది. చిన్నకోడలు వెనక్కి తిరగలేదు.